నిద్ర జవరయ్య

మూడో పాన్ ఆవిరి వాల్వు మీద చెయ్యి వెయ్యబోయి జవరయ్య ఆగాడు. భుజం మీది ఎర్రగళ్ల తువ్వాలు తీసి ముందు కుడిచెయ్యి, తరవాత ఎడమచెయ్యి, వేళ్ల సందులతో సహా తుడుచుకున్నాడు. తువ్వాలు మళ్లీ భుజం మీద సర్దుకుని, అప్పుడు వాల్వు చక్రం పట్టుకుని ఒక్క పిసరు తిప్పాడు. లోపల పాకం ఉడికే చప్పుడు కొద్దిగా మారింది. అతను చెవి అటే పెట్టి నిలబడ్డాడు.

"స్నానం కూడా చేసేసి రా అన్నా. పాకం ఎక్కడికీ పోదులే, నీకోసం ఆగుతుంది," అన్నాడు పక్క పాన్ దగ్గరున్న నంజుండ.

"చేతికి జిడ్డుంటే చక్రం జారుద్దిరా," అన్నాడు జవరయ్య. అది అతను రోజూ చెప్పే జవాబే.

మా చక్కెర ఫ్యాక్టరీలో పాన్ ఫ్లోర్ అన్నిటికంటే పై అంతస్తు. కింద గానుగల్లో నలిగిన చెరకు రసం చిక్కబడి పాకమై అక్కడికి చేరుతుంది. ఇంటి ఎత్తున్న ఇనప పాన్లలో గాలి లాగేసి, తక్కువ వేడి మీద చక్కెర పలుకు కట్టేదాకా దాన్ని కాయాలి. తొందరపడి ఆవిరి పెంచితే అడగని చోటల్లా సన్నటి దొంగపలుకు పుట్టుకొస్తుంది. అది పుట్టిందంటే మంచి పలుకు ఎదగదు, కింద తిరిగే యంత్రాల జల్లెళ్లు పూడుకుపోతాయి, పాన్ మొత్తం పాడైనట్టే. అందుకని అక్కడ పనిచేసేవాడు పాన్‌కి ఉన్న గుండ్రటి గాజు కిటికీలోకి చూస్తూ, మధ్యమధ్య కడ్డీతో పాకం బయటికి లాగి, గాజు పలక మీద వేసి దీపానికి పెట్టి చూస్తూ గంటలు గంటలు నిలబడాలి.

జవరయ్య నిలబడగలడు. అతని గురించి చెప్పుకోవడానికి అంతకంటే పెద్దగా ఏమీ లేదు. పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకి వంగి ఉంటుంది, కళ్లజోడుకి నల్లదారం కట్టి మెడలో వేసుకుంటాడు. ఎడమ మోచేతి కింద ఎప్పుడో పాకం పడి కాలిన మచ్చ నున్నగా మెరుస్తూ ఉంటుంది. చదువు ఊరిబళ్లో ఆగిపోయింది. యూనియన్‌లో మాట్లాడిందీ లేదు, పండగ నాడు తాగి పడిందీ లేదు. ఇంటికెళితే చొక్కాకి చీమలు పడతాయని భార్య కెంపమ్మ దాన్ని పెరట్లో తీగ మీదే విప్పించి, దులిపి, అప్పుడు మనిషిని లోపలికి రానిస్తుంది. ఫ్యాక్టరీలో చాలామందికి జవరయ్య గుర్తొచ్చేది వెక్కిరించాలనిపించినప్పుడు మాత్రమే. ఆ వెక్కిరింతకి ఒక పేరుంది, నిద్ర జవరయ్య.

నంజుండ వేరే రకం. వయసులో జవరయ్య కంటే బాగా చిన్న. పాదరసం లాంటి బుర్ర. చేతిలో కాగితం లేకుండా ఏ పాన్‌లో పాకం ఎంతుందో, ఎప్పుడు దిగుతుందో చెప్పేస్తాడు. ఇంజనీర్ల నడకలన్నీ వాళ్ల కంటే బాగా నడిచి చూపిస్తాడు. అన్నీ ఉన్నాయి గాని ఒకచోట కాలు నిలవదు. పలుకు ఎదిగే ఆ పొడుగాటి గంటల్లో వాడు పడే అవస్థ చూస్తే ముళ్ల మీద నిలబెట్టారనిపిస్తుంది. నిట్టూరుస్తాడు, తిట్టుకుంటాడు, కిటికీ అద్దం మీద వేలితో బొమ్మలు గీస్తాడు.

ఫ్లోర్ చివర కొత్తగా గాజు గది కట్టారు. లోపల చల్లటి గాలి, గోడంతా తెరలు, చక్రాల కుర్చీ ఒకటి. కుర్చీకి ఇంకా ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. రేపటి నుంచి పాన్లన్నిటినీ ఆ గదిలోంచే నడపాలట. షిఫ్టుకి ఒక్కడే మనిషి. రెండోవాడు గోడౌన్‌కి. ఆ ఒక్కడూ జవరయ్యా నంజుండా అన్నది ఈ మధ్యాహ్నం చెబుతామన్నారు. పొద్దుటి నుంచి ఇద్దరూ ఆ మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నారు.

జవరయ్యకి గోడౌన్ మాట తలుచుకోవడమే ఇష్టం లేదు. అక్కడ పని తేలికే. కాని ఆ చల్లటి చీకటి కొట్లో బస్తాలు తప్ప ఉడికేదేదీ ఉండదు. పెళ్లయిన కొత్త నుంచి ఈ వేడిలోనే, ఈ చప్పుడులోనే బతికాడు. రిటైరయ్యేలోగా ఇక్కడి నుంచి కదలకూడదన్నది అతనికున్న ఒకే ఒక్క కోరిక.

పోయినవారం క్యాంటీన్ బల్లల మీద పరీక్ష పెట్టారు. బెంగళూరు నుంచి వత్సల మేడమ్ అని ఒకామె వచ్చింది. నెరిసిన జుట్టు, నూలుచీర, నెమ్మదైన గొంతు. మొదటి కాగితం నిండా బొమ్మలు. వరసలో తరవాత ఏ బొమ్మ రావాలో గీత పెట్టాలి, అదీ గంట కొట్టేలోగా. నంజుండ ముందే ముగించి, కాగితం అంచున చెరకుబండి ఎద్దుని గీస్తూ కూర్చున్నాడు. గంట కొట్టేసరికి జవరయ్య సగంలో ఉన్నాడు.

రెండో కాగితంలో ప్రశ్నలు. అవునో కాదో పెట్టాలి. 'మొదలుపెట్టిన పని పూర్తయ్యేదాకా వదలను.' 'నాకు త్వరగా విసుగొస్తుంది.' ఇవన్నీ జవరయ్య గబగబానే చేశాడు. 'నేను జీవితంలో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు' అన్న దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. అందరూ లేచి వెళుతుంటే మేడమ్ దగ్గరికి వెళ్లి అడిగాడు.

"ఒకే ఒక్కసారి చెప్పుంటే ఏం పెట్టాలమ్మా?"

ఆమె అతని మొహంలోకి చూసి, "మీకేది నిజమనిపిస్తే అది పెట్టండి," అంది. అతను కాదు అని పెట్టాడు.

ఆ ఒక్క అబద్ధం నంజుండ కోసం చెప్పింది. కొన్నేళ్ల కిందటి సంగతి, అప్పటికి వాడు టెంపరరీ. జవరయ్య అన్నం తినడానికి కిందికి దిగుతూ పాన్ వాడికి అప్పగించాడు. వాడు విసుగెత్తి, ఆవిరి కాస్త పెంచేసి, క్యాంటీన్ టీవీలో క్రికెట్ చూడ్డానికి పోయాడు. జవరయ్య తిరిగొచ్చి పలక మీద పాకం వేసి చూస్తే దొంగపలుకు మబ్బులా కమ్మేసి ఉంది. నీళ్లు తాగించి కరిగించాలని సాయంత్రం దాకా తంటాలు పడ్డాడు గాని పాన్ దక్కలేదు. పాన్లన్నిటికీ పెద్దదిక్కైన కేశవ భట్ సార్ వచ్చి ఎవరి నిర్వాకం ఇది అని అడిగితే, జవరయ్య తల దించుకుని, "నాదే సార్. కునుకు పట్టింది," అన్నాడు. నంజుండ పెళ్లాం అప్పుడు నిండు నెలలతో ఉంది. ఉద్యోగం పోతే ఎక్కడికి పోతారన్నదొక్కటే అప్పుడు తోచింది. ఆ రోజు నుంచి పేరు నిద్ర జవరయ్య అయింది. ఆ మాట మళ్లీ వాళ్లిద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

పొద్దెక్కాక క్యాంటీన్ నుంచి కాఫీ వచ్చింది. వాళ్లిద్దరిదీ ఎప్పుడూ బైటూనే. ఒక కాఫీ, రెండు గ్లాసులు. నంజుండ తన గ్లాసు దీపానికెత్తి, జవరయ్య పలక చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు.

"నీ సగంలో రెండు చుక్కలు ఎక్కువున్నాయన్నా."

"అయితే మార్చుకో."

"వద్దులే. పెద్దోడివి, తాగు."

సరిగ్గా అప్పుడే ఎక్కడో కింద గాలి లాగే పంపు దగ్గినట్టు చప్పుడైంది. మూడో పాన్ వాక్యూమ్ ముల్లు జారడం మొదలైంది. గాలి చొరబడితే లోపల వేడి ఎగదన్ని, కట్టిన పలుకంతా కరిగిపోతుంది. జవరయ్య గ్లాసు కింద పెట్టి వాల్వు దగ్గరికి రెండంగల్లో చేరాడు. చెయ్యి భుజం మీది తువ్వాలు మీదికి వెళ్లింది. కుడిచెయ్యి తుడుచుకుంటూ ఉన్నాడు. ఇంతలో నంజుండ అతన్ని భుజంతో పక్కకి తోసి, కాఫీ ఒలికిన చేత్తోనే ఆవిరి కట్టేశాడు, వెంటనే పాకం వచ్చే గొట్టం కూడా మూసేశాడు. కాసేపటికి పంపు సర్దుకుంది. ముల్లు మెల్లగా మళ్లీ పైకెక్కింది.

జవరయ్య తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"దెబ్బ తగిలిందా అన్నా? గట్టిగా తోశానా?"

"లేదురా," అన్నాడు జవరయ్య. ఆ తరవాత కాఫీ తాగలేదు. నంజుండ రెండు సగాలూ తాగేశాడు.

కింద తిరిగే యంత్రాల దగ్గరుండే తిమ్మేగౌడ మెట్లమీద నుంచి తల పైకెత్తి, "ఏంటయ్యా, పాన్ ఆగింది? నిద్ర జవరయ్య ఇంకో కునుకు తీశాడా?" అని కేకేశాడు. నంజుండ ఎప్పటిలా నవ్వలేదు. పో పోవయ్యా అన్నట్టు చెయ్యి ఊపాడు.

మధ్యాహ్నం జవరయ్యకి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మెట్లు దిగుతూ చొక్కా గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. లోపల భట్ సార్, ఆయన పక్కన వత్సల మేడమ్ కూర్చుని ఉన్నారు.

"కూర్చో జవరయ్యా," అన్నారు భట్ సార్. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అందరూ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదనే పెట్టారు," అంది మేడమ్. "మీరొక్కరే చెప్పానని ఒప్పుకున్నారు. నాకది నచ్చింది. అది ఏమిటో చెప్పాలని లేదు. ఇష్టముంటేనే చెప్పండి."

జవరయ్య సార్ వైపు చూశాడు. ఆయన ఎదురుగా కూర్చుని ఇంకా దాచడం అతనికి చేతకాలేదు. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

"నాకు కునుకు పట్టిందని మీకు చెప్పాను సార్, ఆ దొంగపలుకు పాన్ అప్పుడు. పట్టలేదు. నేను అన్నానికి వెళ్లా. నంజుండ పాన్ వదిలేసి పోయాడు."

భట్ సార్ కళ్లజోడు తీసి నుదురు రుద్దుకున్నారు.

"మరి ఆ రోజే చెప్పుంటే నీకు ఈ పేరొచ్చేది కాదు కదయ్యా."

"పేరుదేముంది సార్. వాడికి పని ఉండేది కాదు."

"సరే విను," అన్నారు సార్. "బొమ్మల పరీక్షలో వాడు మొదటివాడు, నువ్వు చివర. ఓపికలో, జాగ్రత్తలో నువ్వు మొదట, వాడు చివర. మీ ఇద్దర్నీ కలిపి ఒక మనిషిని చేసే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు."

"ఇన్నాళ్లూ మేం అట్టాగే చేసుకొచ్చాం సార్."

మేడమ్ నవ్వింది. తరవాత నవ్వు ఆపుకుని, "ఇప్పుడు కుర్చీ ఒకటే ఉంది," అంది మెల్లగా.

"మొన్నటిదాకా నేను ఎటూ తేల్చుకోలేదు," అన్నారు సార్. "ఇప్పుడు నువ్వే తేల్చేశావు. పాన్ వదిలి పోయేవాణ్ని ఆ గదిలో ఒంటరిగా ఎలా కూర్చోబెట్టమంటావు? కుర్చీ నీదే."

ఆ మాట కోసమే జవరయ్య వారం రోజులుగా దేవుళ్లకి మొక్కుకుంటున్నాడు. లేచి దణ్ణం పెట్టి వచ్చేస్తే అయిపోయేది. అతను లేచాడు కూడా. కాని చేతిలో తువ్వాలు కనపడింది, పొద్దుటి మూడో పాన్ గుర్తొచ్చింది. మళ్లీ కూర్చున్నాడు.

"ఇంకోటి కూడా చెప్పాలి సార్. పొద్దున వాక్యూమ్ పడిపోయింది. నేను చేతులు తుడుచుకుంటూనే ఉన్నా. వాడు నన్ను తోసి కట్టేశాడు. లేకపోతే ఇవాళ కూడా ఒక పాన్ పోయేది."

"ఒక్కసారికే అలా అనుకుంటే ఎలా?"

"ఒక్కసారి కాదు సార్. ఈ మధ్య చాలాసార్లు అవుతోంది. ఒక పాన్ అయితే కనిపెట్టుకుని ఉండగలను. అన్నిటికీ ఒక్కణ్నే అంటే నా వల్ల కాదు. భయమేస్తుంది."

"మరి వాడి విసుగు సంగతి?" అడిగింది మేడమ్. "అది పోయేది కాదే."

జవరయ్య ఆలోచించాడు.

"పోలేదమ్మా. ఇప్పటికీ ఉంది. కాని ఆ రోజు నుంచి వాడు పాన్ వదిలి ఒక్క అడుగు పోలేదు. అక్కడే నిలబడి విసుక్కుంటాడు."

వత్సల మేడమ్ చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది. భట్ సార్ కిటికీలోంచి, రోడ్డు పొడుగునా ఆగి ఉన్న చెరకుబళ్ల వైపు చాలాసేపు చూశారు. చివరికి, "గోడౌన్ చలికి నీ మోకాళ్లు ఆగుతాయా జవరయ్యా?" అన్నారు.

"కెంపమ్మ ఉన్ని మేజోళ్లు కొనిపెడుతుందిలెండి సార్," అన్నాడు జవరయ్య.

అతను పైకి వచ్చేసరికి నంజుండ రెండు పాన్ల మధ్యా నిలబడి ఉన్నాడు. అద్దం మీద బొమ్మలేమీ గీయలేదు.

"ఏమన్నారన్నా?"

"కుర్చీ నీకే అన్నారు."

నంజుండ మొహం వెలిగి, అంతలోనే వాడిపోయింది. "మరి నువ్వు?"

"గోడౌన్." జవరయ్య కడ్డీ లాగి, పలక మీద పాకం వేసి, దీపానికెత్తాడు. కళ్లు నీళ్లతో మసకబారి పలుకు కనపడలేదు. పలక నంజుండ చేతికిచ్చాడు. "ఇంకోటి. ఆ దొంగపలుకు పాన్ సంగతి చెప్పేశాను."

నంజుండ పలకతో అలాగే నిలబడ్డాడు. దాని మీంచి పాకం జారి వాడి మణికట్టు మీదికి దిగింది.

"చెప్పేశావా?"

"అడిగారు. చెప్పాను."

"చెప్పినా నాకే ఇచ్చారా?"

"చూడు, పాకం కారిపోతోంది. పలుకెట్టా ఉందో చెప్పు."

నంజుండ పలక ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. రోజూ జవరయ్య చూసేంత సేపు.

"ఇంకొంచెం ఎదగాలి," అన్నాడు.

"ఎదుగుద్దిలే. ఆవిరి మాత్రం పెంచకు."

షిఫ్టు కూత పడింది. తరవాతి వాళ్లు వచ్చి పాన్లు అందుకున్నారు. జవరయ్య మూడో పాన్ పొట్ట మీద చెయ్యి పెట్టాడు. అరచెయ్యి కాలుతున్నా కాసేపు తియ్యలేదు. ఆ తరవాత భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, నంజుండ భుజం మీద వేశాడు. ఉతకడానికి రోజూ ఇంటికి పట్టుకెళ్లే తువ్వాలు అది.

"నాకెందుకన్నా ఇది? నేనెప్పుడూ తుడుచుకోను కదా."

"తెలుసురా. పొద్దున లాంటప్పుడు వద్దు. తక్కినప్పుడు తుడుచుకో."

అంతే చెప్పి జవరయ్య మెట్లు దిగాడు. గేటు దాటి, చెరకుబళ్ల పక్కనుంచి, ఎద్దులు నమిలి వదిలిన ఆకుల మీదుగా నడిచి వెళ్లిపోయాడు. ఇంట్లో కెంపమ్మ రాగిముద్ద, అనపగింజల పులుసు వండి పెట్టింది. మామూలుగానే పెరట్లో చొక్కా విప్పించి దులిపింది. తువ్వాలేదని అడిగింది. మరిచిపోయానన్నాడు. అది అతను చెప్పిన రెండో అబద్ధం. కెంపమ్మ అతని మొహం చూసి ఇంకేమీ అడగకుండా ముద్ద మీద మరో గరిటె నెయ్యి వేసింది.

ఆ మర్నాటి నుంచి జవరయ్య గోడౌన్‌లో కూర్చున్నాడు. సీజన్ అయిపోయేదాకా పాన్ ఫ్లోర్ మెట్లెక్కలేదు. ఎక్కితే దిగలేనని భయం.

గాజు గది మొదలైన రోజున తిమ్మేగౌడ కిందనుంచి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, "హమ్మయ్య, నిద్ర జవరయ్య పోయాడు. ఇంక పాన్లకి భయం లేదు," అని పళ్లికిలించాడు. గది నిండా ఇంజనీర్లున్నారు. భట్ సార్ కూడా ఉన్నారు. నంజుండ తెర మీంచి చూపు తిప్పకుండా, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఆయన ఒక్కనాడూ నిద్రపోలేదు తిమ్మన్నా. ఆ పాన్ వదిలేసి పోయి పాడుచేసింది నేను. ఆ పేరుతో ఇంకెప్పుడూ పిలవకు."

తిమ్మేగౌడ తలుపు మెల్లగా వేసి దిగిపోయాడు. తెర మీద మూడో పాన్ ఆవిరి అడుగుతోంది. నంజుండ దాని వైపు చెయ్యి చాపబోయి ఆగాడు. కుర్చీ వీపు మీద వేలాడుతున్న ఎర్రగళ్ల తువ్వాలు అందుకుని, చేతికి పాకం అంటుకునే పనే లేని ఆ చల్లటి గదిలో, ముందు కుడిచెయ్యి, తరవాత ఎడమచెయ్యి తుడుచుకుని, అప్పుడు మీట నొక్కాడు.

ఆ తువ్వాలు ఊడ్చేవాళ్లు ఎన్నిసార్లు తీసేస్తామన్నా వాడు తియ్యనివ్వలేదు. ఉతకనూ లేదు. అందుకని ఆ గదిలో చీమలు ఇప్పటికీ కుర్చీ చక్రం మీదుగా, ఇనప కాలు పట్టుకుని, వరసగా ఆ తువ్వాలు దాకా ఎక్కి వస్తూనే ఉంటాయి.